చాప మీద చోటు

మంచు కురిసే నెలల్లో మా ఊరికీ అనకాపల్లికీ మధ్య రోడ్డు ఉదయంపూట కనిపించదు. చెరకు తోటలూ కనిపించవు. వాసన మాత్రం ఉంటుంది. ఎక్కడో బెల్లం వండుతుంటారు. ఆ తీపి పొగ మంచులో కలిసిపోయి, ఊపిరి పీలిస్తే గొంతులో పాకం అంటుకున్నట్టుంటుంది. ఆదివారాలు ఆ పొగలోంచే మేం మందిరానికి నడిచేవాళ్ళం. ముందు చంకలో గ్రంథంతో మా నాన్న, ఆయన వెనక అమ్మ, అమ్మ వెనక నేను. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు మంచులోంచి ఒక్కొక్కరే తేలి వచ్చి మాతో కలిసేవారు. పరలోకం అంటే ఇదే కాబోలని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పటికీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ముందుగా నాకు బెల్లం వాసనే వస్తుంది.

మందిరం పెద్దదేమీ కాదు. కశింకోట దారిలో, ఇటుకల బట్టీకి ఇవతల, రేకుల షెడ్డు. లోపల కుడివైపు మగవాళ్ళకీ ఎడమవైపు ఆడవాళ్ళకీ చాపలు. నాన్న ఆ సంఘానికి పెద్ద. అందరూ అయ్యగారనేవారు. మందిరంలో నేనూ అయ్యగారనే అనేదాన్ని. ఇంటికొచ్చి చెప్పులు విప్పాకనే ఆయన మళ్ళీ నాన్న అయ్యేవాడు.

మా సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. మందు ముట్టం. మాత్ర గానీ సూది గానీ ఒంటికి తగలనివ్వం. జబ్బు చేస్తే పెద్దలు వచ్చి నుదుటికి నూనె రాసి ప్రార్థిస్తారు. బయటివాళ్ళకు ఇది ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. లోపల పుట్టినవాళ్ళకు అలా ఉండదు. పెళ్ళికి ముందు నాన్న తాపీపని చేసేవాడు. కామెర్లతో పడిపోతే ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రిలో చెప్పేశారట. మా వీధి కూడా కాని ఒక ముసలమ్మ ఆయన మంచం పక్కన మోకరించి మూడు రోజులు కదల్లేదట. నాలుగో రోజు ఆయన కళ్ళు తెరిచి గంజి అడిగాడు. ఇక ఈ ఒంటి మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వనని ఆ పూటే దేవుడికి మాటిచ్చాడు. ఆ మాట మీదే మా సంఘం లేచింది. ఆ మాటను నేనెప్పుడూ వెటకారం చెయ్యలేదు. ఇప్పుడూ చెయ్యను.

నాకు ఏడేళ్ళప్పుడు మా చెల్లి పోయింది. నాలుగు నెలల పిల్ల. కోరింత దగ్గు. దగ్గు తెర మొదలైతే ఆగేది కాదు. మొహం వంకాయ రంగుకి తిరిగేది. చివర్లో గాలి లోపలికి లాక్కునేటప్పుడు సన్నటి కూత ఒకటి వచ్చేది, దూరంగా ఎవరో ఈల వేసినట్టు. నాన్న మోకాళ్ళ మీదనుంచి లేవలేదు. అమ్మ నూనె రాస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం కూత ఆగిపోతే దగ్గు తగ్గిందనుకుని నేను సంతోషపడ్డాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె విరిచే ముందు మా దగ్గర సాక్ష్యాలుంటాయి. ఆ నెలలో దేవుడు తనకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెబుతారు. ఎవరి మీదైనా కోపం ఉన్నా, గుండెలో ఏదైనా దాచుకున్నా అప్పుడే బయటపెట్టాలి. దాచుకున్న చేత్తో రొట్టె అందుకోకూడదు. చెల్లి పోయిన తరవాతి సాక్ష్యాలప్పుడు నాన్న లేచి, బిడ్డ ఇచ్చిన దేవుడి దగ్గరికే వెళ్ళిందన్నాడు. ఆయన గొంతు వణకలేదు. అందరూ "స్తోత్రం" అన్నారు. అందరితోపాటు నేనూ అన్నాను. ఆయన విశ్వాసంలాంటి విశ్వాసం నాకూ ఇమ్మని ఆ రోజు దేవుణ్ణి అడిగాను. దేవుడు ఇచ్చాడనే నమ్ముతున్నాను. దానితోపాటు ఆ కూత కూడా నా చెవిలో ఉండిపోయింది.

*

నా కూతురు పుట్టాక రెండో నెలలో, పక్కింట్లో ఎవరికో మామూలు జలుబు చేసి దగ్గు వచ్చింది. నేను బియ్యం ఏరుతున్నదాన్ని చేట వదిలేసి పిల్లను గుండెకు హత్తుకుని కూర్చున్నాను. దగ్గు ఎప్పుడో ఆగిపోయినా నేను లేవలేదు. ఆ బుధవారం కూరగాయల సంచి పట్టుకుని, పిల్లను చీరకొంగులో చుట్టుకుని షేర్ ఆటో ఎక్కి అనకాపల్లి వెళ్ళాను. మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ లేని వీధిలో చిన్న ఆరోగ్య కేంద్రం. వరసలో కూర్చుని మనసులో ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఈ నర్సమ్మ చేతిని దీవించు, చేతిలో సూదినీ దీవించు, నన్ను క్షమించు. ఈ మూడూ కలిపి ఒకే ప్రార్థనలో ఎలా అడిగానో నాకు తెలియదు.

మా ఆయన అచ్యుతాపురం వైపు కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. ఆయనా మా సంఘంవాడే. సాయంత్రం వచ్చేసరికి పిల్లకు ఒళ్ళు వెచ్చబడి గుక్కపట్టి ఏడుస్తోంది.

"బజారుకెల్లేవట. ఏటి తెచ్చేవు?"

"వంకాయలు."

"వంకాయలకి జొరమొచ్చిందేటి, ఇలాగేడుత్తన్నాయి?"

నేను బెదిరిపోయి చూశాను. ఆయన పిల్లను భుజాన వేసుకుని తట్టడం మొదలుపెట్టాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"నాకేటి తెల్దు. నువ్వు సెప్పనేదు, నాను ఇన్నేదు." పిల్లను రెండో భుజానికి మార్చుకుని, "మల్లీ ఎప్పుడే వంకాయలకి?" అన్నాడు.

అలా అయిదుసార్లు వంకాయలు తెచ్చాను.

నేను ఆదివారం బడిలో పిల్లలకు కథలు చెబుతాను. ఒక రాజుకు పుండు లేచి చావు మంచం ఎక్కితే ప్రవక్త వచ్చి బతుకుతావని చెప్పిన కథ మా పిల్లలకు ఇష్టం. ఆ ప్రవక్తే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడని కూడా అందులో ఉంది. ఎన్నో ఏళ్ళు చదివినా ఆ ముద్ద నా కంటికి ఆనలేదు. నా కూతురు పుట్టాకే ఆనింది. దేవుడే బాగుచేస్తే ఆ ముద్ద ఎందుకు? ముద్దే బాగుచేస్తే ప్రవక్త ఎందుకు? చాలా రోజులు ఆలోచించాను. చలికి దుప్పటి కప్పిన చెయ్యి అమ్మదే, దుప్పటీ అమ్మదే అనిపించింది. అది నాకు అర్థమైంది గానీ ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు అంజూరపు పండ్ల దగ్గరికి రాగానే దాటేసేదాన్ని.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. ఎడమ భుజం మీద వేసిన సూది ఊరికే పోలేదు. నెల తిరిగేసరికి అక్కడ పొక్కు లేచి, చితికి, కందిగింజంత మచ్చ మిగిలింది. ఆ మచ్చేమిటో లోకంలో అందరికీ తెలుసు. అందుకని పిల్లకు మోచేతులు దాటే పొడుగు చేతుల గౌన్లు కుట్టించాను. ఎండాకాలంలో కూడా అవే. మందిరంలో ఆడవాళ్ళు చూసి ముచ్చటపడ్డారు.

"అయ్యగారి మనవరాలు గదేటి. మరేద పాలతోనే వచ్చీసింది."

"మరి మీ దాన్ని సూడు, జబ్బలు బయటెట్టుకు తిరుగుతాది!"

ఏడాది తిరిగేసరికి ఆదివారం బడిలో సగం మంది ఆడపిల్లలు పొడుగు చేతుల గౌన్లతో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. "ఏటమ్మా, మీ సంఘంలో కొత్త రూలా ఇది? ఒక్కో గౌనుకి అరమీటరు గుడ్డ ఎక్కువౌతంది" అని టైలరు నన్నే అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు.

నాన్న ప్రసంగంలో ఒక్కోసారి నా కూతుర్ని చూపించేవాడు. ఒక్క సూది పడకుండా నాలుగేళ్ళు ఎలా పెరిగిందో చూడండి అనేవాడు. నేను తలవంచుకుని చాప అల్లిక చూస్తూ ఉండేదాన్ని. ఒక పుల్ల పైనుంచి, ఒక పుల్ల కిందనుంచి. చూస్తూ ఉంటే అది కదులుతున్నట్టుండేది.

*

ఒడిశా నుంచి బట్టీ పనికి దసరా వెళ్ళాక లారీల్లో వస్తారు. వానలకు ముందు వెళ్ళిపోతారు. ఊళ్ళో వాళ్ళకు పేర్లుండవు, ఒరియావాళ్ళంతే. కొళాయి దగ్గర వాళ్ళ బిందె ఆఖర్న. కొట్లో వాళ్ళ బేరం ఆఖర్న. ఎవరూ తిట్టరు, కొట్టరు. అలా చూసీ చూడనట్టు ఉంటారు.

వాళ్ళలో ఒకామె ఒక ఆదివారం మా కంజిర మోత విని మందిరానికి వచ్చింది. నిండు గర్భిణి. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది. నేను లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన చాప మీద కూర్చోబెట్టాను. గొప్ప పనేం కాదు, చోటుంది. ఆమె మాత్రం చాపను అరచేత్తో రెండుసార్లు నిమిరి చూసి అప్పుడు కూర్చుంది.

మా వైపు అక్కను అప్ప అంటారు. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే. ఆ తరవాత పాటలు. ఒక్కో చరణం నేను పాడితే వెనక పాడేది. అర్థం తెలియదు, రాగం ఇట్టే పట్టేది. ఇక అన్నింటికీ నన్నే చూసేది. నేను కొంగు తల మీదికి లాక్కుంటే లాక్కునేది. నేను చేతులెత్తితే ఎత్తేది. "నువ్వు తుమ్మితే అది కూడా తుమ్ముతాది, సూసుకో" అని అమ్మ నా చెవిలో అనేది. మేమిద్దరం నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటే, ఎందుకో తెలియకుండానే ఆమె కూడా కొంగు నోట్లో కుక్కుకునేది.

సంక్రాంతి ముందు ఆమెకు బట్టీ గుడిసెలోనే ఆడపిల్ల పుట్టింది. మూడో వారానికే పిల్లను ఎత్తుకుని మందిరానికి వచ్చింది. పిల్లకు పాత చొక్కా గుడ్డతో చేత్తో కుట్టిన గౌను. చేతులు ఎంత పొడుగున్నాయంటే పిల్ల వేళ్ళు బయటికి రావడం లేదు. ఆమె నన్ను చూసి, నా కూతురి గౌను చూపించి, తన పిల్లను చూపించి నవ్వింది. చెమటలు పట్టిన పిల్లలను చూసినప్పుడు కలగని భయం అప్పుడు కలిగింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం సాక్ష్యాలకు ఆమె లేచింది. ఒక చేత్తో పిల్ల. రెండో చేత్తో నా భుజం పట్టుకుని నిలబడింది.

"నేను తెలుగు కొంచెం. నర్సు వచ్చింది. మూడుసారి వచ్చింది. నేను లేదు అన్నాను. నేను అప్ప లాగ. అప్ప పాపకి సూది లేదు, నా పాపకి సూది లేదు. ప్రభువు ఉన్నాడు."

షెడ్డు రేకులు అదిరేలా అందరూ "స్తోత్రం" అన్నారు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె కూర్చుని మొదట నా మొహం కేసే చూసింది, సరిగ్గా చెప్పానా అన్నట్టు. నా నోరు కూడా అందరితో కలిసి స్తోత్రం అనేసిందని అప్పుడు తెలిసింది నాకు.

*

ఆ నెలాఖర్లో మా ఊరి నర్సమ్మ స్కూటీ మీద వెళుతూ నన్ను చూసి ఆగింది. నా కూతురికి సూదులన్నీ పడ్డాయని ఆవిడకూ తెలియదు. అనకాపల్లి కార్డు ఊరికి రానివ్వలేదు నేను.

"మీకో దండం తల్లీ. మీ దేవుడికి సూదంటే బయమేటి అసలు?"

"ఆయనకి బయమేటండి, మనకే గానీ."

"మీ పిల్లకి ఏయించనేదు, సరే, తినడానికున్నోరు, ఎలాగో పెరిగింది. ఆ ఒరియా పిల్ల మీ మాట సెప్పి నా మొహం మీద తలుపేసేత్తన్నాది. గుడిసెకి తలుపు కూడా నేదు, గోనె ఏసేత్తన్నాది!" అని, హెల్మెట్ తీసి గొంతు తగ్గించింది. "బట్టీలో ఇద్దరు పిల్లలకి దగ్గట్టుకుంది. కోరింత దగ్గులా ఉంది. పెద్ద పిల్లలు, తట్టుకుంటారు. దీని పిల్లకి రెండు నెలలు కూడా నిండనేదు. దానికి తగిలితే నేను సెప్పనక్కర్నేదు మీకు."

చెప్పనక్కర్లేదు. స్కూటీ వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం ఎండ. రోడ్డు మీద వేడి గాలి నీళ్ళలా ఊగుతోంది. ఆ ఊగులో బట్టీ గొట్టం, చెరకు లారీ, మనుషులు అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి. ఆ నీళ్ళ అడుగునుంచి ఎవరో సన్నగా ఈల వేసినట్టు వినిపించింది. చెరకు లారీ హారనేనేమో. నాకు తెలియదు.

ఇంటికి వెళ్ళి బియ్యం డబ్బా అడుగునుంచి నా కూతురి టీకాల కార్డు తీశాను. దాన్ని జాకెట్లో పెట్టుకుని కూతుర్ని తీసుకుని బట్టీకి వెళ్ళాను. ఆమె గుడిసె ముందు పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. రెండు గుడిసెల అవతల ఒక పిల్ల దగ్గుతోంది. దగ్గు చివర కూత ఉంది.

నేను కార్డు తీసి చూపించాను. నా కూతురి చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాను. "సూది. నా పాపకి సూది వేయించాను. అయిదుసార్లు. నేను అబద్ధం చెప్పాను. నీ పాపకి కూడా వేయించు" అన్నాను, వేళ్ళతో, చేతులతో, నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో.

ఆమె మచ్చ చూసింది, నవ్వింది. "సెగ్గడ్డ" అంది.

ఒకసారి ఆమె మా ఇంట్లో నా కూతురికి స్నానం చేయిస్తూ అడిగితే సెగ్గడ్డ మచ్చ అని చెప్పాను. ఆ మాట కూడా నా దగ్గరే నేర్చుకుంది.

"సెగ్గడ్డ కాదు. సూది."

ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది. నన్ను పరకాయించి చూసింది. "అప్పా, పరీక్షా?" అంది.

అంతకుముందు ఆదివారం, కొడుకును కొండ మీదికి తీసుకుపొమ్మని తండ్రిని దేవుడు పరీక్షించిన సంగతి నాన్న చెప్పాడు. అర్థం కాక ఆమె నా కేసి చూస్తే, కొండ, కత్తి, పిల్లవాడు అన్నీ చేతులతో చేసి చూపించి, పరీక్ష, పరీక్ష అని రెండుసార్లు చెప్పింది నేనే.

"పరీక్ష కాదే తల్లీ! నిజం!"

"సూది వేస్తే చాప లేదు" అంది. పిల్లను దగ్గరికి లాక్కుంది. "కొట్టు దగ్గర నేను లేదు. కొళాయి దగ్గర నేను లేదు. చాప దగ్గర ఉన్నాను. అప్పా, నన్ను పంపేస్తావా?"

నేను ఎన్ని విధాల చెప్పినా ఆమెకు అది పరీక్షలాగే వినపడింది. ఎంత గట్టిగా చెబితే అంత పెద్ద పరీక్ష. చివరికి పరీక్షలో నెగ్గినదానిలా తల ఎత్తి, ఎంతో ప్రేమగా, "నేను అప్ప లాగ" అంది.

తిరిగి వస్తుంటే నా కూతురు "అమ్మా, ఆ పాప కూడా సచ్చిపోతాదా, పిన్నిలాగ?" అంది. మా చెల్లి సంగతి అమ్మ ఎప్పుడో దానికి చెప్పినట్టుంది. నాలుగు నెలలప్పుడే పోయినదాన్ని అది పిన్ని అంటోంది. దాన్ని ఎత్తుకుని గబగబా నడిచాను.

*

మూడు రోజుల్లో మార్చి మొదటి ఆదివారం. ఆ మూడు రోజులూ నేను ఏం వండానో ఏం తిన్నానో గుర్తు లేదు. ప్రార్థన చేశాను. నాన్న పరువు పోకుండా ఈ పిల్లను నువ్వే కాపాడు ప్రభువా అని మొదటి రోజు అడిగాను. రెండో రోజు ఆ అడగడం నాకే సిగ్గనిపించింది. మూడో రోజు ఏమీ అడగలేదు. మోకాళ్ళ మీద ఉండిపోయాను. ఎంతసేపో. లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ మనసులో ఉయ్యాల ఆగినప్పటి నిశ్శబ్దం లాంటిది ఒకటి ఉంది.

ఆదివారం పొద్దున మంచు పల్చగా ఉంది. పాటలు అయ్యాయి. సాక్ష్యాలకు నాన్న పిలవగానే నేనే మొదట లేచాను. నా పక్కన ఆమె, ఒళ్ళో పిల్ల. నా కూతుర్ని దగ్గరికి పిలిచి, అందరి ముందూ దాని ఎడమచేతి గౌనును భుజందాకా మడిచాను.

"అయ్యగారూ, ఇది సెగ్గడ్డ కాదు. సూది మచ్చ. నేనే తీసుకెళ్ళి వేయించేను. అది కనపడకుండా ఉండాలనే ఈ గౌన్లు కుట్టించేను. మరేద కోసం కాదు. నాలుగేళ్ళుగా మీ అందరి ముందూ అబద్ధంతో కూర్చుంటున్నాను. చెల్లి దగ్గు నా చెవిలోంచి పోలేదు, అందుకు చేసేను. దేవుణ్ణి నమ్మక కాదు. నమ్మే చేసేను. ఈ అమ్మాయి నన్ను చూసి తన బిడ్డకి సూది వద్దంది. బట్టీలో కోరింత దగ్గు వచ్చింది. ఆ బిడ్డకేమైనా అయితే అది నా అబద్ధం చేసినట్టే."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక పసిపిల్ల ఎక్కడో పాలు తాగుతున్న చప్పుడు వినపడుతోంది. అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. బయట రోడ్డు మీద ఇటుకల ట్రాక్టరు వెళ్ళింది. నాన్న నా కూతురి మచ్చ కేసి చూశాడు.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"అయిదుసార్లు, అయ్యగారూ."

"ప్రతిసారీ ప్రార్థన చేసేవా?"

ఆయన అది అడుగుతాడనుకోలేదు. "చేసేను" అన్నాను.

నాన్న పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు. "మూడు నెలలు రొట్టె ముట్టకు" అన్నాడు. "అబద్ధానికి." ఇంకా ఏదో చెప్పబోయి ఆగి, "సూదికి కాదు" అన్నాడు.

మగవాళ్ళ చాపల్లోంచి ఆయన బావమరిది వరసాయన ఒకరు సగం లేచాడు. "బావా, అదేటి బావా? మన కట్టుబాటు..."

"కూకో బావా. నీ కట్టుబాటు గురించి నా దగ్గిరికి సాయంత్రం రా. ఇప్పుడు కూకో."

"ఈవిడ ఇక్కడే కూసుంటాదా మరి?"

"నా కూతురు ఎక్కడ కూకోవాలో అక్కడే కూకుంటాది" అన్నాడు నాన్న. మందిరంలో ఆయన నన్ను ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి. ఆ మాట అన్నాక ఆయన మిగతా ఆరాధన నడపలేకపోయాడు. ఇంకొక పెద్దాయన లేచి నడిపాడు.

ఆ పెద్దాయన మాటలు నడుస్తుండగానే ఆమె పిల్లను ఎత్తుకుని లేచింది. నా కేసి చూడలేదు. చాపల మధ్యనుంచి నడిచి, చెప్పులు కూడా వేసుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు రొట్టె పళ్ళెం నన్ను దాటి పోతున్నప్పుడు కలగని ఏడుపు ఆమె ఖాళీ చోటు చూసినప్పుడు వచ్చింది. నిజం చెప్పి ఆమెను పోగొట్టుకున్నాననుకున్నాను. పిల్లను కూడా.

సాయంత్రం నాన్న మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. చాలాసేపటికి, "ఆ సిన్నదానికి కూడా నీలాగే బుగ్గలుండేవి" అన్నాడు. ఎవరి గురించో నేను అడగలేదు. ఆయన కట్టుబాటు ఆయనకు ఇప్పటికీ ఉంది. ఈ మధ్య మోకాలు వాచినా మాత్ర వేసుకోలేదు. నేను వేసుకోమనీ అనలేదు. నూనె రాశాను.

*

బుధవారం టీకాలు వేసే రోజు, పదిగంటలకు మా ఊరి సబ్ సెంటర్ దగ్గర ఎదురుచూశాను. ఆమె వస్తుందని ఎవరూ చెప్పలేదు. గుడిసెకు వెళ్ళి అడిగే మొహం నాకు లేదు. అందుకని ఊరికే వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. ఎండ, వేపపూత వాసన. పసిపిల్లలు, తల్లులు. కునుకు పట్టినట్టయింది. కళ్ళు తెరిచేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. పిల్ల ఒంటి మీద గౌను లేదు, ఒక్క తువ్వాలు.

"నిన్ను చాప తీసేశారా?" అంది.

"లేదు."

"నిజం?"

"నిజం. రొట్టె లేదు, మూడు నెలలు. చాప ఉంది."

ఆమె పిల్ల తువ్వాలు సర్దింది. తరవాత, "అప్పా, నువ్వు అబద్ధం" అంది. కోపంగానే అంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నాకు చూడటం లేదు. పట్టు" అని పిల్లను నా చేతుల్లో పెట్టేసి గోడకేసి తిరిగింది.

నర్సమ్మ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "ఓలమ్మ, ఏటీ రోజు సూరీడు పడమటేపు లేచేడేటి" అంది గానీ ఇంకేమీ అడగలేదు. నోట్లో చుక్కలు వేసింది. తొడకు ఒక సూది, భుజానికి ఒకటి. పిల్ల ఒక్క క్షణం ఆశ్చర్యపోయినట్టు ఆగి, ఒళ్ళంతా ఎర్రబడేలా ఏడ్చింది. గాలి తీసుకుని మళ్ళీ ఏడ్చింది. గాలి హాయిగా లోపలికి వెళ్ళి హాయిగా బయటికి వస్తోంది. ఆ ఏడుపు అలా వింటూ ఉండాలనిపించింది. ఆమె గోడ దగ్గరనుంచి పరుగున వచ్చి పిల్లను లాక్కుంది.

"సాయంత్రం జొరమొత్తాది, బయపడొద్దు" అంది నర్సమ్మ. కొత్త కార్డు తీసింది. "మళ్ళీ నెలకి రావాలి. మీ ఊరెల్లిపోతే అక్కడ సూపించు, ఏసేత్తారు. ఎక్కడైనా ఏత్తారు. పోగొట్టకేం. పిల్ల పేరేటి?"

అంతవరకూ మేమంతా పాప అనే పిలుస్తున్నాం. మందిరంలో పెద్దలు గ్రంథంలోంచి ఏదో మంచి పేరు చూసి పెడతారని అమ్మ అంటూ ఉండేది. నర్సమ్మ కలం పట్టుకుని నా కేసి చూసింది. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను.

ఆమె నా కేసి చూడలేదు. పిల్ల వీపు నిమురుతూ, నర్సమ్మ కలం కేసి చూస్తూ ఒక పేరు చెప్పింది. వాళ్ళ భాషలో పేరు. వాళ్ళ అమ్మమ్మదో, వాళ్ళ ఊరి ఏటిదో, నాకు తెలియదు. నేనెప్పుడూ వినలేదు.

"మళ్ళీ సెప్పు" అంది నర్సమ్మ.

మళ్ళీ చెప్పింది. నేను కూడా మెల్లగా ఒకసారి పలికి చూశాను. ఆమె తల అడ్డంగా ఊపి, నాకు వచ్చేదాకా ఆగి, ఇంకోసారి చెప్పింది.